హోదా కాదు, పని వ్రాయండి
అకౌంట్ల ఉద్యోగుల బయోడేటా గురించి

ఇటీవల మన పట్టణాలలో ఒక క్రొత్త వ్యాపారం బాగా సాగుతున్నది. జిరాక్సు దుకాణాల ప్రక్కన, కోచింగు కేంద్రాల మెట్ల క్రింద “ఇచ్చట రెజ్యూమేలు తయారు చేయబడును” అనే బోర్డులు వెలిశాయి. బి.కాం. పట్టా చేతబట్టుకొని వచ్చిన యువకుని పేరు, ఊరు, ఫోను నంబరు అడిగి, అప్పటికే కంప్యూటరులో సిద్ధంగా ఉన్న నమూనాలో వాటిని నింపి, పది నిమిషాలలో రెండు పుటల కాగితం అతని చేతిలో పెడతారు. ఆ కాగితం ప్రకారం అతడు చురుకైనవాడు, కష్టించేవాడు, పదిమందితో కలిసి పనిచేయగలవాడు, ఒత్తిడికి తట్టుకొనేవాడు. అతనికి ముందు వచ్చిన యువతి కూడా అంతే. అతని తరువాత వచ్చేవాడూ అంతే. అతనికి చేతనైన పని ఏమిటన్నది మాత్రం ఆ రెండు పుటలలో ఎక్కడా కనిపించదు.

ఈ వ్యాపారానికి వెనుకనుండి ఒక సిద్ధాంతం బలం చేకూరుస్తున్నది. ఉద్యోగాలకు కొరత లేదట. తమను తాము చూపుకొనే నేర్పు లేకనే మన యువకులు నిరుద్యోగులుగా మిగిలిపోతున్నారట. యాజమాన్య సంఘాల వేదికల మీద, పత్రికల ఉద్యోగ పుటలలో ఈ ఉపదేశం ఎడతెగకుండా వినిపిస్తున్నది. ఇది బూటకం. ఒక ఖాళీకి రెండువందల దరఖాస్తులు వచ్చినచోట, రెండువందల మందీ అద్భుతమైన బయోడేటాలు వ్రాసినంత మాత్రాన ఖాళీలు రెండువందలు కావు. నిరుద్యోగం కాగితం మీద పుట్టలేదు, కాగితంతో పోదు.

అయితే మన శ్రేణులలోనే మరొక వాదన కూడా వినిపిస్తున్నది. బయోడేటా వ్రాయడం నేర్పడం కార్మిక సంఘం పని కాదనీ, అది తోటి ఉద్యోగుల మధ్య పోటీని పెంచే పని అనీ కొందరు మిత్రులు అంటున్నారు. ఈ వాదనలో నిజాయితీ ఉన్నది గాని ఆలోచన లేదు. మిల్లు కార్మికుని వేతన బేరం యూనియను ద్వారా, ఒప్పందం ద్వారా సాగుతుంది. ముగ్గురో నలుగురో పనిచేసే కమీషను కొట్టులో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, ఆడిటరు కార్యాలయంలో చేరే అకౌంట్ల గుమాస్తాకు ఆ అవకాశం ఎక్కడిది? అతని బేరం ఆ ఒక్క కాగితంతోనే మొదలవుతుంది, చాలాసార్లు దానితోనే ముగుస్తుంది. ఆ కాగితంలో తన పనిని తానే తక్కువ చేసి వ్రాసుకొన్న గుమాస్తా, తనతోపాటు తన తరువాత ఆ కుర్చీలో కూర్చొనేవాని వేతనాన్ని కూడా తగ్గిస్తున్నాడు. కాబట్టి ఇది సంఘం పట్టించుకోవలసిన విషయమే.

మన వృత్తి ఏమిటో ఒక్కసారి తలచుకొందాం. 1494లో వెనిస్ నగరంలో లూకా పాచియోలీ తన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని అచ్చువేయించిన నాటినుండి నేటివరకు మారని నియమం ఒకటున్నది. ప్రతి పద్దుకూ ఎదురు పద్దు ఉండాలి. దానికి తోడు మన ఆఫీసులలో ప్రతి ప్రారంభకునికీ మొదటిరోజునే నేర్పే నియమం మరొకటి: వోచరు లేనిది పుస్తకానికి ఎక్కదు. ఎనిమిది గంటలూ ఈ నియమాన్ని పాటించే గుమాస్తా, తన గురించి తాను వ్రాసుకొనే కాగితంలో మాత్రం వోచరు లేని విశేషణాలను వరుసగా ఎక్కిస్తున్నాడు! “కష్టించేవాడు” అనే పద్దుకు వోచరు ఏది? అది ఏ ఖాతాకు జమ? అటువంటి మాటలన్నీ కొట్టివేసి, మిగిలిన చోట పనిని వ్రాయడమే అకౌంట్ల ఉద్యోగి బయోడేటా రహస్యం. వేరే రహస్యం లేదు.

వరంగల్లు ఏనుమాముల మార్కెటులో ఒక కమీషను వ్యాపారి వద్ద గుమాస్తాను ఊహించుకోండి. పత్తి, మిరప సీజనులో తెల్లవారక ముందే అతని పని ఆరంభమవుతుంది. రైతు పేరు, బస్తాల లెక్క, తూకం, పలికిన ధర నమోదు చేసి, హమాలీ, దడవాయి, చాట కూలీల మినహాయింపులు లెక్కించి తక్‌పట్టీ వ్రాయాలి. రైతుకు చెల్లింపు, ఖరీదుదారు నుండి వసూలు, సీజనుకు ముందు రైతు తీసుకొన్న బదులు, వీటన్నింటినీ ఎవరి ఆవర్జా పుటకు వారికి ఎక్కించాలి. సాయంత్రానికి రొక్కం నిల్వ పైసలతో సహా తేలాలి. తేలని రోజున ఆ తేడా అతని జీతం మీదికి వస్తుంది. ఇంత పని చేసిన మనిషి హైదరాబాదులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఏమి వ్రాస్తాడు? “అకౌంట్లలో రెండు సంవత్సరాల అనుభవం.” అంతే! ఋణగ్రస్తుల ఖాతాలు, ఋణదాతల ఖాతాలు, నగదు పుస్తకం, రోజువారీ నిల్వ సరిచూచుట అనే నాలుగు పనులను నాలుగు మాటలలో మ్రింగివేశాడు. నగరంలోని యజమాని దానిని చదివి “పల్లెటూరి కొట్టు లెక్కలు” అని ప్రక్కన పెడతాడు, లేదా ప్రారంభకుని జీతానికి తీసుకొంటాడు. తీసుకొన్న మరునాటినుండి చేయించుకొనేది మాత్రం ఆ నాలుగు పనులూ.

అతడు ఇలా వ్రాయవచ్చు కదా: “సీజనులో రోజుకు సుమారు 80 తక్‌పట్టీల తయారీ, 300 మంది రైతుల, 25 మంది ఖరీదుదారుల వ్యక్తిగత ఖాతాల నిర్వహణ, ప్రతి సాయంత్రం నగదు నిల్వ సరిచూచి యజమానికి అప్పగింత, నెలాఖరున బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక.” ఈ అంకెలు మేము ఉదాహరణకు వేసినవి, ఎవరి అంకెలు వారివి. ఇందులో ఒక్క విశేషణం లేదు. కాని దీనిని చదివిన ఏ అకౌంటెంటుకైనా ఆ కుర్చీలో ఎంత పని ఉన్నదో కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. “కోట్ల టర్నోవరు గల సంస్థ లెక్కలు చూశాను” అని గొప్పగా వ్రాసే అలవాటు మనవారిలో పెరిగింది. టర్నోవరు యజమాని ఘనత. వోచర్ల సంఖ్య మీ శ్రమ. పది పెద్ద బిల్లులతో కోటి రూపాయలు దాటవచ్చు. పది లక్షల వ్యాపారానికి వెయ్యి చిల్లర బిల్లులు ఉండవచ్చు. ఏ గుమాస్తా వేళ్ళు ఎక్కువ అరిగాయి? అంతేకాదు, పాత యజమాని అమ్మకాలనూ, ఖాతాదారుల పేర్లనూ బయోడేటాలో బయటపెట్టిన మనిషిని చూసి క్రొత్త యజమాని మొదట సంతోషించినా, తరువాత సందేహిస్తాడు. రేపు నా లెక్కలు కూడా ఇలాగే ఊరేగుతాయి గదా అనుకొంటాడు. వోచర్లు ఎన్ని, బ్యాంకు ఖాతాలు ఎన్ని, జీతాల పట్టీలో మనుషులు ఎందరు, శాఖలు ఎన్ని అన్నవి వ్రాయండి. రహస్యం రహస్యంగానే ఉంటుంది, పని బయటపడుతుంది.

క్రియాపదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన వృత్తిలో “నమోదు చేశాను”, “సరిచూశాను”, “సిద్ధపరచాను”, “దాఖలు చేశాను”, “ఆమోదించాను” అనేవి ఐదు వేర్వేరు పనులు. అంకణా వరకు తెచ్చి ఆడిటరుకు అప్పగించిన వ్యక్తి “ముగింపు లెక్కలు పూర్తిచేశాను” అని వ్రాయడం తప్పు. ఇది కేవలం నీతి విషయం కాదు. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే అది కూలిపోతుంది. జారీ చేసినా బ్యాంకులో దాఖలు కాని చెక్కును సమన్వయ పట్టికలో ఎటువైపు చూపుతారని అడిగితే నిజంగా చేసినవాడు తడుముకోడు. జి.ఎస్.టి.ఆర్-2బి లో కనిపించని కొనుగోలు బిల్లును ఏమి చేశారని అడిగితే, సరఫరాదారుకు ఎన్నిసార్లు ఫోను చేశాడో, ఆ నెల ఆ పన్ను జమను ఎందుకు వదులుకోవలసి వచ్చిందో వెంటనే చెబుతాడు. మరొకవైపు, రిటర్ను తానే తయారుచేసి, పోర్టలులో తానే ఎక్కించి, చివరి మీట మాత్రం ఆడిటరు నొక్కిన కారణంగా “సహాయపడ్డాను” అని వ్రాసుకొనే అతివినయం కూడా మనలో ఉన్నది. ఆ వినయం ఖరీదు నెలకు కొన్ని వేల రూపాయలు.

“టాలీ వచ్చును” అనే ఒక్క వాక్యం కూడా ఇటువంటిదే. 1986లో ప్యూట్రానిక్స్ పేరుతో ప్రారంభమైన సంస్థ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేరు నేడు వీధివీధినా ఉన్నది. పేరు తెలియడం అర్హత కాదు. అందులో మీరు చేసినది ఏమిటి? వోచర్ల నమోదా, సరుకు నిల్వల లెక్కా, జీతాల పట్టీయా, బ్యాంకు సమన్వయమా? నెలవారీ రిటర్ను దాఖలు చేసే సంస్థలో పనిచేసినవారికి నెల ఎలా గడుస్తుందో తెలుసు. 7వ తేదీకి టి.డి.ఎస్. జమ, 11న జి.ఎస్.టి.ఆర్-1, 15న ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. చెల్లింపులు, 20న జి.ఎస్.టి.ఆర్-3బి. ఈ నాలుగు తేదీలను ఇన్ని నెలలపాటు ఒక్క ఆలస్య రుసుము లేకుండా దాటించానని నిజంగా వ్రాయగలిగినవారు, ఆ ఒక్క వాక్యంతో రెండు పుటల విశేషణాలను ఓడించగలరు.

ఇక అసలు విషయానికి వద్దాం. యజమానులు నేడు జీతానికి బదులు హోదాలు పంచుతున్నారు. నిన్నటి గుమాస్తా నేడు “ఎగ్జిక్యూటివ్”. నలుగురు కుర్రవాళ్ళ ప్రక్కన కూర్చొన్నవాడు “అకౌంట్స్ మేనేజరు”. పని మారలేదు, జీతం మారలేదు, విజిటింగు కార్డు మాత్రం మారింది. పెండ్లి సంబంధాలకు పనికివస్తుందని మనవారు దానిని సంతోషంగా స్వీకరించి, బయోడేటాలో పెద్ద అక్షరాలతో అచ్చువేసుకొంటున్నారు. “బృందాన్ని పర్యవేక్షించాను, నిర్ణయాలు తీసుకొన్నాను” అని చేర్చుకొంటున్నారు.

దీని ఫలితం ఏమిటో ఆలోచించారా? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం గుమాస్తా పని చేసేవారిని కార్మికులుగా గుర్తించింది. మేనేజరు పని చేసేవారిని ఆ నిర్వచనం నుండి తొలగించింది. పర్యవేక్షక పని చేసేవారికి వేతన పరిమితి పెట్టింది. 2010 సవరణతో ఆ పరిమితి 10,000 రూపాయలు అయినది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే చట్రం ఉన్నది. పర్యవేక్షకులకు పరిమితి 18,000 రూపాయలు. అనగా ఉద్యోగం నుండి తొలగించబడిన రోజున “నేను కార్మికుడను” అని ట్రిబ్యునలు ముందు నిలువగలగడం, లేకపోవడం మీరు చేసిన పని స్వభావంపై ఆధారపడి ఉన్నది. హోదా పేరు నిర్ణాయకం కాదనీ, ప్రధానంగా చేసిన పని ఏదో చూడాలనీ సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది. ఆనంద బజార్ పత్రిక యాజమాన్యానికీ దాని కార్మికులకూ మధ్య నడిచి 1970 నాటి తీర్పుల సంపుటాలలో నమోదైన కేసులో, ప్రధానమైన పని గుమాస్తా పని అయినప్పుడు అప్పుడప్పుడు చేసే కొద్దిపాటి పర్యవేక్షణ ఆ ఉద్యోగిని పర్యవేక్షకునిగా మార్చదనే సూత్రం స్థిరపడింది. ఇది మన వృత్తికి దొరికిన గొప్ప రక్షణ. కాని యాజమాన్యం న్యాయవాది మీ సంతకంతో ఉన్న బయోడేటాను తీసి, “ఇదిగో, తాను పదిమందిని పర్యవేక్షించానని ఈయనే వ్రాసుకొన్నారు” అని చూపినప్పుడు, ఆ రక్షణకు మీరే గండి కొట్టినట్లవుతుంది.

అందువలన నియామక పత్రంలో ఉన్న హోదాను ఉన్నది ఉన్నట్లు ఒక్క పంక్తిలో వ్రాసి, వెంటనే దాని క్రింద నిజంగా చేసిన పనిని వ్రాయండి. ఇద్దరు జూనియర్ల నమోదులను సరిచూసి ఉంటే అదే మాట వ్రాయండి. “సిబ్బంది నిర్వహణ” అని వ్రాయవద్దు. నిజంగా మేనేజరు పని చేసినవారు, సెలవులు మంజూరు చేసినవారు, చెల్లింపులకు ఆమోదం ఇచ్చినవారు అలాగే వ్రాసుకోవచ్చు. వారి గురించి కాదు మా వాదన.

“లెక్కల సర్వ బాధ్యతలు నిర్వహించాను” అనే వాక్యం ఇంతకంటె ప్రమాదకరమైనది. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడే అకౌంటింగు సాఫ్ట్‌వేరు ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసి తీరాలి. ఎవరి లాగిన్‌తో పద్దు మారిందో జాడ మిగులుతుంది. మోసపు ఉద్దేశంతో లెక్కలు తారుమారు చేసిన గుమాస్తాకు, అధికారికి, సేవకునికి ఏడేండ్ల వరకు శిక్ష వేయవచ్చునని పాత శిక్షాస్మృతి 477-ఎ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 344వ సెక్షను అదే చెబుతున్నది. ఆ సెక్షనులో మొదటి పేరు గుమాస్తాదే అని గమనించండి! బయోడేటాలోని ఒక వాక్యం నేరాన్ని రుజువు చేయదు. కాని యజమాని నోటిమాట మీద పద్దులు మార్చిన సంస్థలో రేపు దర్యాప్తు వస్తే, సర్వ బాధ్యతలు తనవేనని వ్రాసుకొన్న వ్యక్తి వైపు మొదటి చూపు తిరగడంలో ఆశ్చర్యమేమున్నది? లాభంలో వాటా లేనివారికి సర్వ బాధ్యత ఎందుకు?

రుజువుల సంగతి. చిన్న కొట్లలో నియామక పత్రం ఇవ్వరు, జీతపు చీటీ ఇవ్వరు, మానివేసేటప్పుడు అనుభవ పత్రం అడిగితే మూడు నెలలు త్రిప్పుతారు. క్రొత్త యజమాని మాత్రం ఆ మూడూ తెమ్మంటాడు. నాలుగు కార్మిక కోడ్‌లను కేంద్ర కార్మిక సంఘాలలో అత్యధికం వ్యతిరేకిస్తున్నాయి, ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. కాని ఆ కోడ్‌లలోని భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనే ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన ఉన్నది. దానిని అడిగి తీసుకోవడానికి వెనుకాడనవసరం లేదు. అది లేని పాత ఉద్యోగాలకు ప్రావిడెంటు ఫండు పాసుపుస్తకం మంచి సాక్షి. 2014 నుండి ప్రతి సభ్యునికి ఇస్తున్న యు.ఎ.ఎన్. నంబరు క్రింద ఏ సంస్థలో ఎప్పుడు చేరినదీ, ఎప్పుడు మానినదీ తెలుస్తుంది. బ్యాంకులో పడిన జీతం వివరాలు, ఆదాయపు పన్ను మినహాయింపు పత్రం తరువాతి సాక్షులు. యజమాని పుస్తకాల నకళ్ళు మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు. అది మీ మీదికే వస్తుంది. ఈ సాక్ష్యాలను బయోడేటాకు జతచేయనవసరం లేదు, అడిగినప్పుడు చూపితే చాలు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లను ఎవరికిపడితే వారికి పంపే కాగితంలో అచ్చువేయడం అకౌంట్ల మనిషి చేయవలసిన పని కాదు.

ఇదే కారణంగా దొంగ అనుభవ పత్రాలు అమ్మే దళారుల జోలికి పోవద్దని చెబుతున్నాము. వారు చూపే సంస్థ పేరు మీ ఫండు చరిత్రలో ఉండదు. విశ్వాసం మీద బ్రతికే వృత్తిలో ఒక్కసారి పట్టుబడితే ఊరంతా తెలుస్తుంది, దళారి మాత్రం మరో బోర్డు కడతాడు.

పాత బయోడేటా నమూనాలో కులం, మతం, పెండ్లి అయినదా లేదా అన్న గళ్ళు ఉండేవి. నేటికీ కొన్ని దుకాణాలు అదే నమూనాను అమ్ముతున్నాయి. లెక్కలు సరిగా తేలడానికీ ఆ గళ్ళకూ ఏమి సంబంధం? నియామకంలో స్త్రీల పట్ల వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది, ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ చెబుతున్నది. అయినా “పెండ్లి అయినదా, పిల్లలు ఎప్పుడు” అనే ప్రశ్న సోదరీమణులు ఇంటర్వ్యూలలో వింటూనే ఉన్నారు. ఆ గడిని మీరే నింపి పంపడం మానండి. ప్రసవం కోసమో, 2020 లాక్‌డౌనులో సంస్థ మూతపడినందువలనో ఖాళీ వచ్చి ఉంటే ఒక్క పంక్తిలో కారణం వ్రాయండి. తేదీలు సాగదీసి దాచవద్దు, క్షమాపణ చెప్పుకోవద్దు.

ప్రస్తుత జీతం ఎంత అనే గడి సంగతి కూడా ఇంతే. నిన్నటి దోపిడీని నేటి జీతానికి కొలబద్దగా వాడడమే ఆ ప్రశ్న ఉద్దేశం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2018 నుండి, ఉద్యోగం ఇవ్వజూపక ముందు పాత జీతం అడగడాన్ని నిషేధించింది. బయోడేటాలో దానిని వ్రాయకండి. అడిగితే, ఈ పనికి ఇంత కావాలని చెప్పండి. అంతకుముందు ఆ రాష్ట్రపు కనీస వేతన ఉత్తర్వు చదివి వెళ్ళండి. ఉదాహరణకు ఢిల్లీ ఉత్తర్వులలో గుమాస్తా ఉద్యోగులను మెట్రిక్ కానివారు, మెట్రిక్ అయి పట్టా లేనివారు, పట్టభద్రులు అని విభజించి వేర్వేరు రేట్లు నిర్ణయిస్తారు. చేసే పనిని వదిలి పట్టాను బట్టి కొలవడం వేరే అన్యాయం. కాని అక్కడ పనికి వెళ్ళే మన బి.కాం. యువకుడు తన పట్టాను బయోడేటా మూలలో కాక స్పష్టంగా పైన వ్రాయాలనడానికి అది చాలిన కారణం.

రూపం గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది. రెండు పుటలు మించరాదు. ఇటీవలి ఉద్యోగం మొదట, నెల, సంవత్సరంతో సహా. రంగులు, బొమ్మలు, నక్షత్రాల గుర్తులు వద్దు. పెద్ద సంస్థలలో మొదట యంత్రమే చదువుతున్నది, దానికి మీ అలంకారం తెలియదు. ప్రకటనలో వాడిన మాట మీకు నిజంగా వర్తించే పక్షంలో అదే మాట వాడండి. పంపేముందు మరొక గుమాస్తా చేత చదివించండి. తేదీలో, కూడికలో తప్పున్న బయోడేటా పంపిన అకౌంటెంటును ఎవరూ పిలవరు, పిలవనవసరమూ లేదు.

మన శాఖల విషయానికి వస్తే, నెలకు ఒక సాయంత్రం అకౌంట్ల విభాగపు అనుభవజ్ఞులు యూనియను ఆఫీసులో కూర్చొని క్రొత్తవారి బయోడేటాలు సరిచూడడం కష్టమైన పని కాదు; దుకాణానికి చెల్లించే డబ్బు కూడా మిగులుతుంది. సర్వీసు సర్టిఫికేటు సంగతిని మాత్రం సాయంత్రపు పనిగా వదలరాదు. 1946 నాటి స్థాయీ ఉత్తర్వుల చట్టం క్రింద వచ్చిన మాదిరి ఉత్తర్వులు, తొలగింపు లేక విరమణ సమయంలో పర్మనెంటు కార్మికునికి ఆ సర్టిఫికేటు పొందే హక్కు ఉన్నదన్నాయి. పెద్ద సంస్థలకే వర్తించిన ఆ హక్కు కొట్లలోని గుమాస్తా వరకు ఎన్నడూ రాలేదు. ఈసారి వేతన చర్చలకు కూర్చొనే ప్రతి శాఖా తన డిమాండ్ల పత్రంలో ఈ మాటలు చేర్చాలి: “ఉద్యోగి మానివేసిన ఏడు రోజులలోగా, అతడు లేక ఆమె పనిచేసిన కాలం, హోదా, నిజంగా నిర్వహించిన పనుల వివరం గల సర్టిఫికేటును, ఎట్టి రుసుము లేకుండా, యాజమాన్యం సంతకంతో ఇవ్వవలెను.”